సహోదరుల యుద్ధములో కనికరము
(జనరల్ డ్యూఫూర్ జీవితము)

ధ్యాన భాగము: 2 దినవృత్తాంతములు 28:8–15

ప్రియ సంఘస్థులారా, ఇశ్రాయేలువారు తమ సహోదరులైన యూదావారిని జయించి, వారి స్త్రీలను, పిల్లలను రెండు లక్షలమందిని చెరపట్టి షోమ్రోనునకు తెచ్చిరి. ఓదేదు ప్రవక్త వారిని గద్దించెను. అప్పుడు ఎఫ్రాయిము పెద్దలు వస్త్రములు లేనివారికి వస్త్రములిచ్చి, అన్నపానములు పెట్టి, బలహీనులను గాడిదలమీద ఎక్కించి, యెరికోలో వారి స్వజనుల యొద్దకు చేర్చిరి. ఈ కథను తలపించు సేనాధిపతి ఒకడు స్విట్జర్లాండు దేశములో జీవించెను.

గియోమ్ హెన్రీ డ్యూఫూర్ 1787లో జన్మించెను. తలిదండ్రులు జెనీవా పట్టణస్థులు. పారిసులో ఇంజనీరు విద్య నేర్చి, నెపోలియను సైన్యములో పనిచేసి, తరువాత జెనీవాకు వచ్చి వంతెనలు కట్టించెను. స్విట్జర్లాండు అంతటిని కొలిపించి గొప్ప దేశపటమును సిద్ధపరచెను.

ఆ దినములలో ఆ దేశము 22 చిన్న రాష్ట్రముల కూటమి. 1845లో ఏడు కథోలిక రాష్ట్రములు ప్రత్యేక సంధి చేసికొనెను. దానిని రద్దుచేయుడని దేశసభ ఆజ్ఞాపించినను అవి వినలేదు. 1847 నవంబరులో అంతర్యుద్ధము వచ్చెను. దేశసభ సైన్యమునకు ప్రొటెస్టంటు అయిన డ్యూఫూరును అధిపతిగా నియమించిరి. అప్పటికి ఆయన వయస్సు 60 ఏండ్లు.

ఎదుటివారు శత్రువులు కారు, ఒకే దేశపు బిడ్డలు అని ఆయన ఎరిగియుండెను. కావున గాయపడిన ప్రతివానిని, ఏ పక్షమువాడైనను, ఒకే విధముగా చూడవలెననియు, పట్టుబడినవారిని హింసింపరాదనియు, స్త్రీలను, పిల్లలను, వృద్ధులను, గురువులను ముట్టరాదనియు, కథోలిక దేవాలయములను అపవిత్రపరచరాదనియు సైనికులకు ఆజ్ఞలిచ్చెను. ఫ్రైబూర్గు పట్టణమును పెద్ద సైన్యముతో చుట్టుముట్టి, వెంటనే ఫిరంగులు ప్రేల్చక, లొంగుటకు గడువిచ్చెను. మరునాడు పట్టణము లొంగెను. అయినను అక్కడ కొందరు సైనికులు ఆజ్ఞ మీరి దోచుకొనిరి. మంచి ఆజ్ఞ ఉన్నంత మాత్రమున మనుష్యుని హృదయము మారదు గదా! యుద్ధము నాలుగు వారములలోపే ముగిసెను. ఉభయ పక్షములలో మృతులు 150 మందికి మించలేదు. మరుసటి యేడు, 1848లో, దేశమంతయు ఒకే రాజ్యాంగము క్రిందికి వచ్చెను.

1863లో హెన్రీ డునాంటు మొదలగు నలుగురితో కలిసి, నేటి రెడ్‌క్రాసుకు మూలమైన సంఘమును స్థాపించి, ఆయనే దానికి మొదటి అధ్యక్షుడాయెను. 1864లో గాయపడిన సైనికులను కాపాడు జెనీవా ఒడంబడిక కుదిరిన సభకు కూడ ఆయనే అధ్యక్షత వహించెను. 1875లో కన్నుమూసెను.

అయితే ఆ ఒడంబడిక దేశమునకును దేశమునకును జరుగు యుద్ధములకే చెల్లెను. ఒకే దేశములోని కలహములలో చిక్కినవారికి అట్టి రక్షణ 1949లో గాని వ్రాయబడలేదు. ఆ సంవత్సరపు నాలుగు జెనీవా ఒడంబడికలలోని మూడవ అధికరణము ప్రకారము ప్రభుత్వమైనను, తిరుగుబాటుదారులైనను ఆయుధము విడిచినవారిని, పోరులో లేనివారిని చంపరాదు, హింసింపరాదు, జామీనుగా పట్టరాదు, న్యాయవిచారణ లేక శిక్షింపరాదు. గాయపడినవారిని, రోగులను చేర్చుకొని పరామర్శింపవలెను. 1977లో మరియొక ఒప్పందము దీనిని విస్తరించెను. డ్యూఫూరు మాత్రము ఏ చట్టమును నిర్బంధింపకమునుపే, 102 ఏండ్ల ముందుగా, దీనిలో చాలమట్టుకు ఆజ్ఞగా ఇచ్చెను.

ప్రియులారా, పరదేశిపై దయ చూపుట కొంత సులభము. మనతో తగవుపడిన సహోదరునిపై దయ చూపుట కష్టము. మన ఊరిలో, మన సంఘములో కక్ష పుట్టినప్పుడు ఎదుటివాని బిడ్డ ఆకలి మనకు కనబడుచున్నదా? ఎఫ్రాయిము పెద్దలకు కనబడెను. ప్రభువు మన కన్నులను కూడ తెరచును గాక. ఆమేన్.