ఇంటి భాషలో పండగ కథలు
షోలెమ్ అలైకెమ్ 1859లో, నేటి ఉక్రెయిన్‌లోని పెరెయాస్లావ్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. అసలు పేరు సోలమన్ రాబినోవిచ్. మొదట రష్యన్, హీబ్రూల్లో రాసినా, 1883 నుంచి చదువరులు చిన్నచూపు చూసే ఇంటి భాష యిడ్డిష్‌లోకి వచ్చారు. హనుక్కా, పూరీము, పస్కా పండగల సందడిని పిల్లల కథలుగా రాశారు. అయితే సొంత ఇంట్లో పిల్లలతో మాట్లాడింది రష్యన్! 1916లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఏటా తన వర్ధంతికి ఇంటిల్లిపాదీ కూడి, తన సరదా కథొకటి తమకు బాగా అర్థమయ్యే భాషలో చదువుకోవాలని వీలునామా రాశారు. బెంగళూరులో తెలుగు చెప్పే మాకు ఆ మాట గుచ్చుకుంటుంది. మన పిల్లలకు ఆ భాష తెలుగే కావాలంటే, వచ్చే పండగకు ఇంట్లో ఒక్క తెలుగు కథైనా చదివి వినిపిద్దాం.