బొంబాయిలో బతుకు.. తెలుగుకు పత్రిక

భివండి రోడ్: పన్నెండు గంటల షిఫ్టు దిగి, సాంచాల మోతకు తల పగిలిపోతుంటే పద్మానగర్‌లో మనోళ్లకు గుర్తొచ్చేది చిన్న సీసాలోని పసుపుపచ్చ మందు. అమృతాంజనం. అది మద్రాసు సరుకని చాలామంది అనుకుంటారు. కాదు. పుట్టింది ఇక్కడికి యాభై కిలోమీటర్ల లోపే ఉన్న ముంబైలో, 1893లో. తయారుచేసింది మన తెలుగాయనే, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

దేశోద్ధారకుడిగా, విశ్వదాతగా పంతులు గారి పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. అయితే ఆయన గురించి రాసేవాళ్లు మద్రాసు వచ్చాకే కలానికి పదును పెడతారు. అంతకుముందు సుమారు ఇరవై ఏళ్లు బొంబాయిలో వ్యాపారం చేసుకుని బతికిన సంగతి నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు. పొట్ట చేతపట్టుకుని రాష్ట్రం దాటినోళ్లకు కావాల్సింది మాత్రం ఆ ఇరవై ఏళ్ల ముచ్చటే.

1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. బందరులో చదివి, 1891లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ నుంచి పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో డిగ్రీ ఉన్నవాడు సర్కారు కొలువు కోసమే చూసేవాడు. ఈయన వ్యాపారం అన్నారు. మద్రాసులో మొదలుపెట్టి, కలకత్తా వెళ్లి మందుల కంపెనీలో పనిచేశారు. తయారీలో గుట్టుమట్లు అక్కడే ఒంటబట్టాయి. తర్వాత బొంబాయి చేరి ఒక యూరోపియన్ కంపెనీలో కుదిరారు. నౌకరీతో ఆగలేదు. పాతికేళ్లు దాటిన వయసులో సొంత మందు బజారుకు తెచ్చారు.

కొత్త ఊరు, కొత్త సరుకు. ఎవరు కొంటారు? ఆయన ఎంచుకున్న దారి విచిత్రంగా ఉంటుంది. సంగీత కచేరీలు జరిగేచోట వచ్చినవాళ్లకు మందు ఉచితంగా పంచిపెట్టారు. రాసుకున్నవాళ్లే మళ్లీ అడుగుతారని ఆయన లెక్క. లెక్క తప్పలేదు. మొదట్లో సీసా ధర పది అణాలు. 1896లో బొంబాయిని ప్లేగు పట్టుకుంది, జనం ఊరొదిలి పారిపోయారు. అప్పటికి అమృతాంజనం వయసు మూడేళ్లు. ఆ గడ్డుకాలాన్నీ దాటుకుని నిలబడింది. కేవలం తెలుగువాళ్లను నమ్ముకుంటే అంత పెద్ద ఊళ్లో మందు అమ్ముడుపోదు. మరాఠీ, గుజరాతీ ఇళ్లలోకీ వెళ్లాల్సిందే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ నుంచి భివండి వచ్చినవాళ్లకు పంతులు గారికున్న చదువు లేదు, ఇంగ్లీషు లేదు. రెక్కలే పెట్టుబడి. కార్మికుడిగా చేరి, ఏళ్ల తరబడి కూడబెట్టి నాలుగు సాంచాలు వేసుకున్నవాళ్లు చాలామందే. కానీ అందులో ఎక్కువమందిది మజూరీ పనే. నూలు సేటుది, బట్ట సేటుది, మీటరుకు ఇంతని చేతికొచ్చేది మాత్రం మనది. గ్రే క్లాత్ ఇక్కడి నుంచి రంగులకు వెళ్లి, ఎవరిదో పేరు వేసుకుని బజారుకెక్కుతుంది. బజారు పడిపోతే సేటు పని ఆపేస్తాడు, సాంచా అప్పు మాత్రం ఆగదు. పంతులు గారు మొదటి రోజే సొంత పేరు పెట్టి అమ్మారు. పరదేశంలో చిన్న వ్యాపారికి తేడా అక్కడే వస్తుంది.

ఇక ఆ మందు డబ్బుతో ఏం చేశారన్నది. 1907 సూరత్ కాంగ్రెస్‌కు వెళ్లారు. అతివాదులు, మితవాదులు తన్నుకుని విడిపోయిన సభ అది. దేశమంతా రగులుతుంటే తెలుగువాళ్లకు వాళ్ల భాషలో చెప్పే పత్రిక ఉండాలని అక్కడే ఆలోచన గట్టిపడింది. మరుసటేడు, 1908 సెప్టెంబరు 9న, ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలైంది. బందరులో కాదు, బెజవాడలో కాదు.. బొంబాయిలో! ఇక్కడ అచ్చయి ఆంధ్రదేశానికి వెళ్లేది. పేరున్న ఉగాది సంచికలు కూడా బొంబాయి రోజుల్లోనే మొదలయ్యాయి.

చదివేవాళ్లు ఒకచోట, పత్రిక ఇంకోచోట. ఎన్నాళ్లు నడుస్తుంది? 1914లో మద్రాసుకు మార్చారు. ఏప్రిల్ 1 నుంచి దినపత్రిక అయింది. ఆ తర్వాతిదంతా అందరికీ తెలిసిన కథే. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు, అక్కడ భగవద్గీతకు వ్యాఖ్యానం రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందం చేసుకున్న శ్రీబాగ్ మద్రాసులో ఆయన ఇల్లే. అడిగినవాడికి లేదనకుండా ఇచ్చారు కాబట్టే విశ్వదాత అన్నారు. ఇచ్చిన ప్రతి రూపాయి వెనకా సీసాలమ్మిన లెక్క ఉందన్నది మరిచిపోతుంటారు.

1938 ఏప్రిల్ 11న పంతులు గారు కన్నుమూశారు. చెన్నై మైలాపూర్‌లో ఆయన పేరిట పార్కు ఉంది. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. దాన్ని అన్నేళ్లు పోషించిన మందు మాత్రం ఇంకా అమ్ముడుపోతూనే ఉంది.