చిన్న ఊరి డాక్టర్లకో పత్రిక

డిగ్రీ చేతికి రాగానే మనల్ని అడిగే మొదటి ప్రశ్న, హైదరాబాదా బెంగళూరా అని. రెండొందల ఏళ్ల కింద ఇంగ్లండ్ డాక్టర్లకు ఆ ఊరు లండన్. పేరు, పలుకుబడి అన్నీ అక్కడే. 'ది లాన్సెట్' పత్రిక 1823లో మొదలైందీ అక్కడే.

1794లో పుట్టిన చార్లెస్ హేస్టింగ్స్ 18 ఏళ్లకే వూస్టర్ అనే చిన్న ఊరి ఆస్పత్రిలో హౌస్ సర్జన్. తర్వాత ఎడిన్‌బరో వెళ్లి 1818లో ఎండీ చేశాడు. చదువయ్యాక పెద్ద సిటీ చూసుకోలేదు, మళ్లీ వూస్టర్‌కే వచ్చేశాడు.

అక్కడ ఆయనకు కనిపించిన సమస్య ఇది. జిల్లా డాక్టర్లు రోజూ బోలెడు కేసులు చూస్తారు, కానీ నేర్చుకున్నది ఎవరి దగ్గర వాళ్లకే ఉండిపోతుంది. పక్క ఊరి డాక్టరు అదే జబ్బుతో మొదటి నుంచీ కుస్తీ పట్టాలి. కోడింగ్ చేసేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు!

అందుకే 1828లో 'మిడ్‌లాండ్ మెడికల్ అండ్ సర్జికల్ రిపోర్టర్' మొదలుపెట్టాడు. అది కొన్నేళ్లే నడిచింది. ఆయన ఊరుకోలేదు. దేశం కలరాతో వణుకుతున్న 1832లో, జులై 19న, వూస్టర్ ఆస్పత్రిలో యాభై మందికి పైగా డాక్టర్లను కూర్చోబెట్టి 'ప్రొవిన్షియల్ మెడికల్ అండ్ సర్జికల్ అసోసియేషన్' పెట్టించాడు. ప్రొవిన్షియల్ అంటే లండన్ బయటివాళ్లు అని.

1840 అక్టోబర్ 3న 'ప్రొవిన్షియల్ మెడికల్ అండ్ సర్జికల్ జర్నల్' తొలి సంచిక వచ్చింది, 16 పేజీలతో. దీని క్రెడిట్ మొత్తం హేస్టింగ్స్‌కే ఇచ్చేస్తుంటారు గానీ, దాన్ని స్థాపించింది పీటర్ హెన్నిస్ గ్రీన్, రాబర్ట్ స్ట్రీటెన్. కాకపోతే ఆ పత్రికకు చదివేవాళ్లు, రాసేవాళ్లు అప్పటికే తయారుగా ఉన్నారు. ఆ ఎనిమిదేళ్ల పని మాత్రం హేస్టింగ్స్‌దే. తర్వాత అది అసోసియేషన్ పత్రికే అయింది.

1853లో పత్రిక లండన్‌కు మారింది. పేరులోంచి ప్రొవిన్షియల్ పోయింది. 1857 నుంచి అది 'బ్రిటిష్ మెడికల్ జర్నల్', ఇవాళ్టి బీఎంజే. అర్హత ఉన్న డాక్టర్లకు రిజిస్టర్ ఉండాలని హేస్టింగ్స్ ఏళ్ల తరబడి పోరాడాడు. 1858లో ఆ చట్టం వచ్చింది. 1866లో ఆయన చనిపోయాడు.

1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. లండన్‌కు వేల మైళ్ల దూరంలో చూసిన ఆ సంగతి డిసెంబర్ 18న అచ్చయింది కూడా ఈ పత్రికలోనే. రాస్ పనిచేసిన ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది.