పెర్ల్ ఎస్. బక్

పెర్ల్ ఎస్. బక్ (జూన్ 26, 1892 - మార్చి 6, 1973) సుప్రసిద్ధ అమెరికన్ రచయిత్రి. 1938లో ఈమెకు నోబెల్ బహుమతి లభించింది. సాహిత్యంలో ఆ బహుమతి అందుకొన్న మొట్టమొదటి అమెరికన్ మహిళ ఈమె. అరుదైన జన్యువ్యాధితో పుట్టిన కుమార్తె పోషణకై రచనను ఆధారం చేసుకొని, అటువంటి పిల్లల సంరక్షణకు, పరిశోధనకు తోడ్పడిన మాతృమూర్తిగా కూడా ఈమె స్మరణీయురాలు.

బాల్యం, విద్య

ఈమె అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో హిల్స్‌బరో అనే ఊరిలో జన్మించింది. తల్లిదండ్రులు చైనాలో క్రైస్తవ మత ప్రచారకులు. పసితనంలోనే చైనాకు చేరిన పెర్ల్, యాంగ్‌ట్సీ నదీ తీరంలోని జెన్‌జియాంగ్ పట్టణంలో పెరిగి, ఇంగ్లీషుతో పాటు చైనా భాష కూడా నేర్చుకొంది. 1914లో వర్జీనియాలోని రాండాల్ఫ్-మేకన్ మహిళా కళాశాల నుండి పట్టభద్రురాలయింది. 1917లో వ్యవసాయ ఆర్థికవేత్త జాన్ లాసింగ్ బక్‌ను వివాహమాడింది.

కుమార్తె వ్యాధి

1920లో కుమార్తె కెరోల్ జన్మించింది. చూపులకు చక్కగా ఉన్న ఆ బిడ్డకు వయసు పెరుగుతున్నా మాటలు రాలేదు. పెర్ల్ బిడ్డను ఎందరో వైద్యులకు చూపించింది. చివరకు అమెరికాలోని మేయో క్లినిక్‌లో, బిడ్డ బుద్ధి ఎన్నటికీ ఎదగదని తేలింది. కారణం మాత్రం తెలియలేదు. 1929లో కెరోల్‌ను న్యూజెర్సీలోని వైన్‌లాండ్ ట్రైనింగ్ స్కూలులో చేర్పించింది. అక్కడి ఖర్చుకు భర్త జీతం చాలక అప్పు చేయవలసి వచ్చింది.

రచనలు, ఆర్థిక సహాయం

1931లో వెలువడిన ది గుడ్ ఎర్త్ నవల విశేషంగా అమ్ముడుపోయి, 1932లో పులిట్జర్ బహుమతి పొందింది. అందులో రైతు వాంగ్ లుంగ్ పెద్ద కుమార్తె బుద్ధిమాంద్యం గల బాలిక. నవలల ఆదాయంతో పెర్ల్ వైన్‌లాండ్‌లో ఒక కుటీరం కట్టించి, కెరోల్‌కు జీవితాంతం ఆశ్రయం ఏర్పాటు చేసింది. చాలా ఏళ్ళపాటు ఈ విషయాన్ని లోకానికి తెలియనీయలేదు. 1950లో ది చైల్డ్ హూ నెవర్ గ్రూ అనే పుస్తకంలో మొదటిసారి కుమార్తె కథను వివరంగా వెల్లడించి, ఇటువంటి లోపాల కారణాలపై పరిశోధన జరగాలని కోరింది. ఆ పుస్తకంపై వచ్చిన ఆదాయాన్ని వైన్‌లాండ్ సంస్థకే ఇచ్చింది. సంస్థ ధర్మకర్తల మండలిలోనూ సేవ చేసింది.

వ్యాధి స్వరూపం

కెరోల్ వ్యాధి ఫినైల్‌కీటోన్యూరియా. ఆహారంలోని ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని శరీరం మార్చుకోలేక, అది రక్తంలో పేరుకొని మెదడును దెబ్బతీస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుండీ లోపమున్న జన్యువు సంక్రమిస్తేనే బిడ్డకు ఈ వ్యాధి వస్తుంది. కనుక మేనరికం వంటి దగ్గరి సంబంధాలలో ఇటువంటి వ్యాధుల అవకాశం హెచ్చు. 1934లో నార్వే వైద్యుడు ఆస్బ్యోర్న్ ఫోలింగ్ దీనిని కనుగొన్నాడు. అందుకు ప్రేరణ కూడా ఒక తల్లియే. బోర్గ్నీ ఎగెలాండ్ అనే ఆమె తన ఇద్దరు బిడ్డల స్థితికి కారణం వెదుకుతూ ఆయనను ఆశ్రయించింది. 1950 దశకంలో ప్రత్యేక ఆహార చికిత్స, 1960 దశకంలో రాబర్ట్ గుత్రీ రూపొందించిన రక్తపరీక్ష వాడుకలోకి వచ్చాయి. నవజాత శిశువు మడమ నుండి తీసిన రక్తపు చుక్కలతోనే వ్యాధిని గుర్తించి, తగిన ఆహారంతో బుద్ధిమాంద్యాన్ని నివారించడం సాధ్యమైంది. కెరోల్ వ్యాధి ఇదేనని తెలిసేనాటికి ఆమె నడివయస్సుకు చేరింది. ఆ చికిత్స ఆమెకు ఉపకరించలేదు.

చివరి దశ

1949లో పెర్ల్ అనాథ బాలల దత్తతకై వెల్‌కం హౌస్ అనే సంస్థను నెలకొల్పింది. 1973లో వెర్మాంట్ రాష్ట్రంలోని డాన్బీలో మరణించింది. తల్లి చేసిన ఏర్పాటు వలన కెరోల్ మరో 19 సంవత్సరాలు వైన్‌లాండ్‌లోనే జీవించి, 1992లో కన్నుమూసింది.