మాస్టారు అడిగిన ఒక్క ప్రశ్న

రెండు రోజులు ఇంటికి ఫోన్ చేయకపోతే మా అమ్మ వార్డెన్‌కి ఫోన్ చేసేస్తుంది. పిల్లాడు ఎక్కడున్నాడు, తిన్నాడా, అంతే ఆవిడ అడిగేది. వార్డెన్ గారు ఉన్నాడమ్మా అనగానే ఆ కథ అక్కడితో అయిపోతుంది. అదే ప్రశ్నకి ఒక తండ్రికి ఏడాదికి పైగా ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయన పేరు టి.వి. ఈచర వారియర్. కాలికట్ ప్రభుత్వ కాలేజీలో హిందీ మాస్టారు.

కాలికట్ ఎన్ఐటీ 'రాగం' ఫెస్ట్ గురించి మనలో చాలామందికి తెలుసు. ఆ ఫెస్ట్ రాజన్ అనే పాత విద్యార్థి జ్ఞాపకంగా జరుగుతుందన్న సంగతి మాత్రం నాకు ఈ మధ్యే తెలిసింది. ఆ రాజన్ ఎవరని వెతుకుతూ పోతే వాళ్ల నాన్న దగ్గరికి చేరాను.

అప్పట్లో ఎన్ఐటీలను ఆర్ఈసీలు అనేవాళ్లు. 1976లో రాజన్ కాలికట్ ఆర్ఈసీలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పాటలు బాగా పాడేవాడు. దేశంలో ఎమర్జెన్సీ పెట్టి ఎనిమిది నెలలైంది. ఫిబ్రవరి 28న కాయన్న పోలీస్ స్టేషన్ మీద నక్సలైట్లు దాడి చేశారు. ఆ గొడవలో ఎవరో రాజన్ అన్న పేరు పిలిచినట్టు వినిపించిందంటారు. మన రాజన్ ఆ సమయంలో ఫరూక్‌లో యూనివర్సిటీ కళోత్సవంలో ఉన్నాడు. మార్చి 1 తెల్లవారుజామున తోటి విద్యార్థులతో కలిసి కాలేజీకి తిరిగొచ్చాడు. పోలీసులు అక్కడే పట్టుకుని తీసుకెళ్లారు.

కాలేజీ ప్రిన్సిపాల్ ఆ విషయం మాస్టారికి ఉత్తరం రాసి తెలియజేశారు. అక్కడి నుంచి మొదలైంది ఆయన తిరుగుడు. పోలీస్ క్యాంపుకి వెళ్తే లోపలికి రానివ్వలేదు. హోం మంత్రి కె. కరుణాకరన్‌ని కలిశారు. ముఖ్యమంత్రి సి. అచ్యుత మీనన్ ఆయనకి పాత పరిచయమే, అక్కడికీ వెళ్లారు. ఢిల్లీకి అర్జీలు పంపారు. కొందరు చూస్తామన్నారు, కొందరు విసుక్కున్నారు.  నా కొడుకు ఎక్కడున్నాడో చెప్పండి అన్నదే ఆయన గోడు.

ఇంట్లో ఇంకో కష్టం. భార్య రాధమ్మ గారికి మానసిక ఆరోగ్యం బాగుండేది కాదు. ఆవిడకి ఈ విషయం చెబితే తట్టుకోలేదని ఆయన భయం. అబ్బాయి ఎప్పుడొస్తాడని ఆవిడ అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి దాటేసేవారు. బయట అధికారులు ఆయనకి నిజం చెప్పట్లేదు, ఇంట్లో ఆయన ఆవిడకి చెప్పలేకపోతున్నారు. ఈ భాగం చదువుతున్నప్పుడు నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను.

మరి కోర్టుకి ఎందుకు వెళ్లలేదు? ఎవరినైనా ప్రభుత్వం నిర్బంధిస్తే, ఆ మనిషిని మా ముందు హాజరు పరచండని కోర్టు ఆదేశించేలా వేసే పిటిషన్‌ని హెబియస్ కార్పస్ అంటారు. వార్డెన్‌కి మా అమ్మ చేసే ఫోన్ లాంటిదే, కాకపోతే దానికి చట్టబలం ఉంటుంది. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు జబల్‌పూర్ కేసులో, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం ఆ పిటిషన్ వేసే హక్కు లేదని తీర్పిచ్చింది. ఐదుగురు జడ్జిల్లో హెచ్.ఆర్. ఖన్నా గారొక్కరే కాదన్నారు. దాంతో మాస్టారి ముందున్న ఆఖరి తలుపు కూడా మూసుకుపోయింది.

1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. నాలుగు రోజులకే, మార్చి 25న, మాస్టారు కేరళ హైకోర్టులో పిటిషన్ వేశారు. హోం మంత్రిగా ఉన్న కరుణాకరన్ సరిగ్గా అదే రోజు ముఖ్యమంత్రి అయ్యారు. రాజన్‌ని అసలు అరెస్టే చేయలేదని ప్రభుత్వం అఫిడవిట్ వేసింది. అయితే ప్రిన్సిపాల్, తోటి విద్యార్థులు కోర్టుకి వచ్చి చూసింది చూసినట్టు చెప్పారు. కోర్టు వాళ్లని నమ్మింది. రాజన్‌ని హాజరు పరచమని ఏప్రిల్ 13న ఆదేశించింది. ఆ నెలాఖరు లోపే కరుణాకరన్ రాజీనామా చేయాల్సి వచ్చింది. మే నెలలో ప్రభుత్వం నిజం ఒప్పుకుంది. పట్టుకెళ్లిన మర్నాడే, అంటే 1976 మార్చి 2నే, కక్కయం పోలీస్ క్యాంపులో చిత్రహింసల వల్ల రాజన్ చనిపోయాడు. బెంచీకి కట్టేసి తొడల మీద బరువైన రోకలి దొర్లించడం ఆ క్యాంపులో విచారణ పద్ధతి.

అంటే మాస్టారు మొదటి అర్జీ రాసేనాటికే కొడుకు లేడు. శవం ఇప్పటికీ దొరకలేదు. పోలీసు అధికారుల మీద కోయంబత్తూరులో కేసు నడిచింది, కింది కోర్టు వేసిన శిక్షలు అప్పీలులో నిలబడలేదు. కరుణాకరన్ తర్వాత మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. రాధమ్మ గారు 2000లో పోయారు. మాస్టారు తన జ్ఞాపకాలు మలయాళంలో పుస్తకంగా రాశారు. రాజన్ ఏ రాత్రయినా వస్తాడేమోనని ఇంటి తలుపు గడియ పెట్టనివ్వని తండ్రి ఆ పుస్తకంలో కనిపిస్తాడు. 2006లో ఆయన కూడా కన్నుమూశారు.

ఇదంతా పక్క రాష్ట్రం గొడవ అనుకోవడానికి లేదు. అదే ఎమర్జెన్సీలో, 1975 జూలైలో, మన మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు తూటాలకి చనిపోయారు. వాళ్లలో సూరపనేని జనార్దన్ వరంగల్ ఆర్ఈసీ విద్యార్థి. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పారు. పట్టుకుని కాల్చేశారని తార్కుండే కమిటీ తేల్చింది.

ఈ కథ మా రూమ్‌లో చెబితే పెద్ద చర్చే అయింది. ఒక ఫ్రెండ్ అడిగింది కొట్టిపారేసే ప్రశ్న కాదు. స్టేషన్ మీద దాడి జరిగింది, అక్కడున్న పోలీసులకీ కుటుంబాలున్నాయి, రేపు ఇంకో స్టేషన్ మీద పడితే? దేశ భద్రత ముందు ఒకడి హక్కులు ఎంత అన్నాడు. భద్రత అక్కర్లేదని నేనూ అనను. దాడి చేసినవాళ్లని పట్టుకోవాల్సిందే, శిక్షించాల్సిందే. కానీ ఆ రోకలికి తెలిసి దాస్తున్నవాడెవడో, ఏమీ తెలియనివాడెవడో తేడా తెలియదు. ఏమీ తెలియనివాడు చెప్పడానికి ఏమీ ఉండదు కాబట్టి, వాడినే ఇంకా ఎక్కువ హింసిస్తారు. సర్క్యూట్‌లో ఫ్యూజ్ ఎందుకు పెడతామో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. లోడ్ ఎక్కువైనప్పుడే దాని అవసరం. సరిగ్గా అప్పుడే ఫ్యూజ్ తీసేసి నేరుగా వైరు కలిపేస్తే ఏమవుతుందో, 1976లో హెబియస్ కార్పస్ తీసేస్తే అదే అయింది.

తర్వాత కొంత మారింది. 1978లో వచ్చిన 44వ సవరణ వల్ల, ఎమర్జెన్సీలో కూడా 21వ అధికరణం ఇచ్చే ప్రాణ హక్కుని సస్పెండ్ చేయడం కుదరదు. చిత్రహింసలకి వ్యతిరేకంగా ఉన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం చేసింది కానీ, ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు.

మాస్టారికి కొడుకు దొరకలేదు, అనుకున్న న్యాయమూ దొరకలేదు. కానీ ఆయన అడగడం మానలేదు కాబట్టే, అరెస్టే చేయలేదన్న ప్రభుత్వం చివరికి నిజం రాసివ్వాల్సి వచ్చింది. ఆయన్ని తలుచుకున్నప్పుడు నాకు ఆ ప్రిన్సిపాల్, ఆ విద్యార్థులు కూడా గుర్తొస్తారు. వాళ్లు మనలాంటి కాలేజీలోనే ఉన్నారు, మనలాంటి హాస్టల్లోనే పడుకున్నారు. ముఖ్యమంత్రి మాటకి ఎదురుగా నిలబడి, మేం చూశామని చెప్పారు. వాళ్ల స్థానంలో నేనుంటే చెప్పేవాడినా? ఈ వ్యాసం రాస్తున్నంతసేపూ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.