సర్వేపల్లి రాధాకృష్ణపండితుని పూర్వవయస్సు

పుత్తూరులో రైలు దిగి పడమరగా వచ్చువారికి కార్వేటినగరమున వేణుగోపాలస్వామి గుడియు, మెట్లతో తీర్చిన పెద్ద కోనేరును, పాత రాజగృహములును కానవచ్చును. సారంగపాణి పదములు పుట్టిన యాస్థాన మిదియే. నేడిది యొక మండలకేంద్రము మాత్రమే. ఈ యూరి పిల్లలను తిరుత్తణి యెక్కడిదని యడిగినచో తమిళదేశములోనిదని చెప్పుదురు. ఆ మాట తప్పుకాదు. కాని యొకప్పుడు ఆ తిరుత్తణి కార్వేటినగర సంస్థానములోనిదనియు, తరువాత చిత్తూరు జిల్లాలో నుండి 1960 వ సంవత్సరము ఏప్రిలు 1 వ తేదీననే మదరాసు రాష్ట్రమునకు పోయినదనియు వారెఱుగరు. పెద్దలలోను మఱచినవారే యెక్కువ. సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు మనవాడని సభలలో చెప్పుకొనుటకు ముందు, ఆయన యే నేలపై తిరిగి, యే యింట పెరిగి, యెవరి యాధారముతో పైచదువునకు పోగలిగెనో తెలిసికొనుట న్యాయము. ఆయన గొప్పపదవులను గూర్చి వ్రాసినవారు పలువురు గలరు గనుక నేనా జోలికి పోను.

ఈయన 1888 వ సంవత్సరము సెప్టెంబరు 5 వ తేదీన తిరుత్తణిలో జన్మించెను. లెక్కలలో నున్న తేదీ యిదియే. 1962 మొదలుకొని దేశమంతయు ఉపాధ్యాయదినముగా జరుపుకొనుచున్నదియు నిదియే. అయితే కుమారుడును చరిత్రకారుడునగు సర్వేపల్లి గోపాల్ గారు రచించిన జీవితచరిత్రమునందు, తాను 1887 వ సంవత్సరము సెప్టెంబరు 20 వ తేదీన పుట్టినట్లు ఆయన తలచుచుండెనని యున్నది. బడిలో చేర్చునపుడు తండ్రి చెప్పినదియో, పంతులు తోచి వ్రాసినదియో యగు తేదీ మనుష్యుని జీవితాంతము వదలకుండుట నా యుద్యోగకాలమున నెన్నిమారులో చూచితిని. ఆ పాపములో నాకును కొంత భాగము కలదు.

తండ్రి వీరాస్వామి గారు, తల్లి సీతమ్మ గారు. ఇంటిపేరునకు మూలమైన సర్వేపల్లి గ్రామము నెల్లూరు సీమలోనిది. పూర్వు లక్కడనుండి దక్షిణమునకు తరలి వచ్చిరి. వీరాస్వామి గారు జమీందారు కొలువులో రెవిన్యూ శాఖయం దొక చిరుద్యోగి. ఆ కాలపు జమీందారీ చిరుద్యోగమనగా నేమో యిప్పటివారికి తెలియుట కష్టము. జమీందారు దొరతనమువారికి పేష్కషు చెల్లింపవలెను. ఆ పేష్కషునకై రైతులయొద్ద సిస్తు వసూలు కావలెను. ఆ సిస్తు లెక్కలు వ్రాయుట యిట్టి గుమాస్తాల పని. జమాబందీ దినములలో రేయింబవళ్లు కచ్చేరిలోనే యుండవలెను. ధనము చేతులమీదుగా పోవునే కాని చేతిలో నిలువదు. తమకు వంశగౌరవముచేత గాని ధనముచేత గాని కలిగిన లాభమేమియు లేదని రాధాకృష్ణపండితుడు తరువాతికాలమున దాపరికము లేక చెప్పుకొనెను. ఆయన తలిదండ్రులకు రెండవ సంతానము. ఆ యింట పూజాపునస్కారములు, వ్రతములు, పండుగలు ఆచారము తప్పక జరుగుచుండెను. ఇంటిలో మాటలాడునది తెలుగు, అంగడిలో వినవచ్చునది అరవము.

ఆయన బాల్యములో మొదటి యెనిమిదేండ్లు ఈ తిరుత్తణిలోనే గడచెను. అది ఎట్టి యూరో కొంత చెప్పవలెను. ఊరి నడుమ కొండ, కొండమీద సుబ్రహ్మణ్యస్వామి. శూరపద్ముని సంహరించిన పిమ్మట స్వామి కోప మిచ్చట చల్లారెననియు, అందుచేతనే యీ కొండకు తణిగ యను పేరు వచ్చెననియు స్థలపురాణము. కొండ యెక్కుటకు మెట్లు మూడువందల యఱువదియైదు. సంవత్సరమునకు దినములెన్నియో మెట్లన్నియని పిల్లలు ఎక్కుచు దిగుచు లెక్కించుట వాడుక. ముత్తుస్వామి దీక్షితుల వారికి తొలి కృతి యీ సన్నిధినే స్ఫురించెనని సంగీతజ్ఞుల సంప్రదాయము. ఆడికృత్తిక వచ్చినదనిన చిత్తూరు సీమనుండి తెలుగువారు కావళ్లు మోసికొని నడిచి వత్తురు. పూల కావళ్లు, పాల కావళ్లు, పసుపు బట్టలు, కోనేటివద్ద తొక్కిసలాట! నేనును బాల్యమున మా పెద్దలవెంట ఆ కావళ్ల వెనుక నడిచినవాడనే. కాళ్లు బొబ్బలెక్కిన సంగతి మఱువను, అయినను మరుసటియేడు మరల పోదునని మారాము చేసితిని. అట్టి యూర పుట్టిన పిల్లవానికి వేఱే విహారయాత్ర లేల? ఇంటి గడప దాటినచో యాత్రయే. మద్రాసునుండి రేణిగుంటకు పోవు రైలుదారి యీ యూరిమీదుగనే పోవును గనుక యాత్రికుల రాకపోకలకు కొదవ లేదు. కనుపించని లోకమొకటి కలదను విశ్వాసము ఊహ తెలిసిన నాటినుండియు తమకు స్థిరముగా నుండెననియు, కష్టములలోను అది చలింప లేదనియు ఆయన వ్రాసికొనెను. దానికి కారణము తామే చెప్పజాలమనెను. నేను మాత్రము ఆ మెట్ల దారిని తలచుకొందును.

తండ్రి యీయనను ఇంగ్లీషు చదువునకు పంపక గుడిలో పూజారిని చేయదలచెనని యొక కథ ప్రచారములో నున్నది. నా కది నమ్మదగినదిగా తోచదు. ఆలయార్చనము శివాచార్య వంశములవారి హక్కు. రెవిన్యూ గుమాస్తా కుమారున కందు చోటెక్కడిది? పైగా ఎనిమిదేండ్ల పసివానిని ఇల్లు విడిపించి, 1896 వ సంవత్సరమున తిరుపతియందలి లూథరన్ మిషన్ పాఠశాలకు పంపిరి. పౌరోహిత్యము కోరువారు చేయు పని యిది కాదు. ఇంగ్లీషు వచ్చినచో సర్కారు కొలువు దొరకును, కొలువు దొరికినచో ఇల్లు నిలుచును అనునదే ఆ కాలమున చిన్న సంసారముల యాలోచన. ఆలోచన చిన్నదే కాని తప్పు కాదు.

తిరుపతిలో నాలుగేండ్లు చదివెను. అప్పటి తిరుపతిని ఇప్పటి కండ్లతో చూడరాదు. కొండకు బండిదారి 1944 వ సంవత్సరమున గాని పడలేదు; అలిపిరినుండి నడిచి యెక్కవలెను, నడువలేనివారు డోలీలో పోవలెను. దేవస్థానాధికారము హాథీరాంజీ మఠపు మహంతుల చేతిలో నుండెను. క్రింద గోవిందరాజస్వామి గోపురము నీడలో బజారు. పగలు జర్మను మిషనువారి బడిలో బైబిలు పాఠము, సాయంకాలము గుడిగంట. ఈ రెంటి నడుమ ఒక పిల్లవాడు. బెదురు స్వభావము గలవాడు, ఒంటరితన మిష్టపడువాడు, తోడివారి యాటలకంటె పుస్తకములనే నమ్మినవాడు. ఇట్టి పిల్లవానిని నేను తరగతిలో చూచియుందును. వానిని గూర్చి యెవరును ఫిర్యాదు చేయరు గనుక పంతులు కంటికి వాడు చివరను గాని యానడు.

1900 వ సంవత్సరమున వేలూరునకు పోయి, అమెరికా మిషనువారి వూర్హీసు కళాశాలలో చేరి, నాలుగేండ్లు చదివెను. వేలూరికోట, దానిచుట్టు నీటి యగడ్త, లోపల జలకంఠేశ్వరాలయము చూడదగినవి. అయితే ఆ దినములలో ఆ యాలయమున పూజ లేదు; లింగప్రతిష్ఠ మరల జరిగినది 1981 వ సంవత్సరముననే. ఇంత చక్కని కల్యాణమంటపము గల గుడిలో దీపము లేకుండుట ఆ యూరి హిందూబాలుర కెట్లుండెనో!

ఈ విద్యార్థిదశయందే 1903 వ సంవత్సరము మే నెలలో ఆయనకు వివాహమాయెను. వధువు దూరపు బంధువుల బాలిక శివకాము. అప్పటి కామెకు పదేండ్లు. నాటి యాచార మట్టిది. నేడు మన మొప్పుకొనము, ఒప్పుకొనగూడదు. కాని యీ సంబంధమును తలచునపుడొకటి గుర్తుంచుకొనవలెను. ఇల్లు గడచుట దుర్లభమైన సంసారములో, చదువు ముగియని పిల్లవాని భుజముపై గృహస్థాశ్రమ మొకటి వచ్చి పడెను. ఇక మీదట ఆయన యేమి చదివినను అది త్వరలో అన్నము పెట్టు చదువు కావలెను. ఆ యిల్లాలు 1956 వ సంవత్సరమున పరమపదించు వఱకు, ఏబదిమూడేండ్లు, ఆయన సంసారమును దిద్దినది.

1904 వ సంవత్సరమున చెన్నపురి క్రైస్తవకళాశాలకు ప్రయాణమాయెను. ఆ కళాశాల అప్పుడు తాంబరములో లేదు. 1937 వ సంవత్సరమున గదా అక్కడికి మారినది. జార్జిటౌనులో హైకోర్టు కెదురుగా నుండెను. హైకోర్టు గోపురముమీద దీపస్తంభము, ప్రక్కనే సముద్రము. తిరుత్తణి కొండదీపము చూచి పెరిగినవానికి ఈ దీప మెంత వింతగా నుండవలెనో యూహింపవచ్చును.

ఇక్కడ నా మనస్సులోని మాట యొకటి చెప్పి పోషకులు క్షమింతురని తలచెదను. తిరుపతి, వేలూరు, చెన్నపురి మూడుచోట్లను, పండ్రెండేండ్లు, ఈయన చదివినవి క్రైస్తవ మిషనువారి బడులే. ఆయన చదువు సాగినది విద్యార్థివేతనములమీద. ఆయన చదువు ముగిసి పేరు వచ్చిన తరువాత చెప్పుకొనుటకు మనకు నోరు వచ్చినది. మన సంచికలలో ఆయన పటము వేయుట నాకు సంతోషమే. అయితే ఆ పటముక్రింద ఈ మాటయు నుండవలెను.

కళాశాలలో ఏ శాస్త్రము తీసికొనవలెను? గణితమా, భౌతికశాస్త్రమా, జీవశాస్త్రమా, తత్త్వశాస్త్రమా, చరిత్రమా యని ఆయన యెటూ తేల్చుకొనలేక యుండెను. అప్పటికి పదునేడేండ్లవాడు. సరిగా ఆ సమయమున, అదే కళాశాలలో ఆ యేడు పట్టము పుచ్చుకొన్న జ్ఞాతి యొకడు తన తత్త్వశాస్త్ర పుస్తకములను ఈయన కిచ్చెను. స్టౌటు వ్రాసిన మనశ్శాస్త్రము, వెల్టను వ్రాసిన తర్కము, మెకంజీ వ్రాసిన నీతిశాస్త్రము, ఈ మూడును. పుస్తకములు చేతికి వచ్చినవి, కొన నక్కరలేదు, కనుక శాస్త్రము నిశ్చయమైనది. ఇది ఎవరో కల్పించిన కథ కాదు, ఆయనయే చెప్పుకొన్న సంగతి. దీనిని కేవలము యాదృచ్ఛికమని కొందఱును, దైవఘటనయని కొందఱును తలతురు. పాతపుస్తకములు అన్ననుండి తమ్మునికి, వానినుండి పినతండ్రి కొడుకునకు పోవు ఇండ్లలో పెరిగినవారికి మాత్రము ఇందు వింత యేమియు లేదు. మా యింట శబ్దమంజరి నలుగురు చదివిన తరువాత నా చేతికి వచ్చినది, అట్టలు లేవు. ఆ జ్ఞాతి చదివినది గణితమే యైనచో హిందూతత్త్వమును దేశాంతరములకు వినిపించుట కీయన యుండునో లేదో!

తత్త్వశాస్త్రములో ఆచార్యులు స్కిన్నరుగారు, హాగ్గుగారు మొదలైనవారు. వారు శ్రద్ధగా బోధించిరి, ప్రేమగా చూచిరి. కాని హిందూధర్మమునందలి లోపములను గూడ నిర్దాక్షిణ్యముగా విమర్శించిరి. జగత్తు మిథ్య యన్నవారికి నీతి యెక్కడిది, వేదాంతమున సదాచారమునకు తావు లేదు అను ఆక్షేపణ క్రైస్తవబోధకులలో అప్పుడు బలముగా నుండెను. ఇంటిలో తల్లి చేయు పూజను చూచి పెరిగిన పిల్లవానికి ఈ మాట ములుకువలె నాటెను. వివేకానందస్వామి లేఖలు ఆ దినములలో వ్రాతప్రతులుగా విద్యార్థుల చేతులలో తిరుగుచుండెను. వానిని చదివి ఈయన ధైర్యము తెచ్చుకొనెను. బడివారిని ద్వేషింపలేదు, ఇంటివారిని విడువలేదు. అసలు మన మతము చెప్పినదేమి, అందు బ్రతికియున్నదెంత, చచ్చినదెంతయని విచారింప నారంభించెను.

సంస్కృతము చదివిన నాబోటివారికి ఈ వరుస తలక్రిందులుగా కనుపించును. మేము రూపావళితో నారంభించి, కావ్యములు దాటి, భాష్యములకు పోదుము. పోయినవారికి తిరిగి వచ్చి లోకమునకు సమాధానము చెప్పుటకు తీరిక యుండదు. ఈయన ముందు ఇంగ్లీషులో ప్రశ్న విని, సమాధానమునకై వేదాంతమువైపు తిరిగెను. ఉపనిషత్తులు, గీత, బ్రహ్మసూత్రముల భాష్యములు శ్రద్ధగా చదివినది ఉద్యోగములో చేరిన తరువాతనే. మొదట నాకిది లోపముగా తోచెడిది, ఇప్పుడు తోచదు. ఆకలి లేక తిన్నవానికిని, ఆకలిగొని తిన్నవానికిని అన్న మొకటే యైనను అరుగుదలలో భేదము కలదు.

పట్టపరీక్ష యైనవెంటనే కొలువు చూచుకొనవలసిన సంసారము. అయినను ఈయన అదే కళాశాలలో ఎం. ఏ. తరగతికి నిలిచెను. సముద్రము దాటి చదువుటకు పోలేదు. విద్యార్థిగా ఆయన చదువు చెన్నపురితో సరి. ఆ పరీక్షకై యొక వ్యాసము వ్రాయవలసి యుండెను. వ్రాయుటకు వేఱు విషయము లెన్నియో యుండగా, తన్ను నొప్పించిన ఆ ప్రశ్ననే యీయన యెత్తుకొనెను. వేదాంతమునకు నీతి కలదనియు, ఆ నీతికి పరతత్త్వమే ఆధారమనియు స్థాపించుచు 1908 వ సంవత్సరమున వ్యాసము ముగించెను. అప్పటికి ఇరువదేండ్లవాడు.

ముగించిన తరువాత భయము పట్టుకొనెను. చదువవలసినది హాగ్గుగారు. తమ వాదమునకే శిష్యుడు బదులు చెప్పినట్లు ఆయన కోపగించినచో పరీక్ష పోవును. పరీక్ష పోయినచో తలిదండ్రులకును, భార్యకును చెప్పుకొనదగిన దేమియు మిగులదు. హాగ్గుగారు వ్యాసము చదివిరి. కోపగింపలేదు. తత్త్వసమస్యలోని ముఖ్యాంశములను ఈ విద్యార్థి చక్కగా గ్రహించెననియు, చిక్కువాదమును సులువుగా నడపగల నేర్పు కలదనియు, ఇంగ్లీషు సామాన్యులకంటె మిన్నగా వ్రాసెననియు మెచ్చుకొని యోగ్యతాపత్రము వ్రాసియిచ్చిరి. ఆ వ్యాస మా యేడే చెన్నపురిలో అచ్చు పడెను. మరుసటి యేడు, 1909 వ సంవత్సరము ఏప్రిలు నెలలో, ఈయన అదే పట్టణములోని ప్రెసిడెన్సీ కళాశాలలో తత్త్వశాస్త్రశాఖయం దుద్యోగమున చేరెను.