పల్వంకర్ బాలూ – 33 మ్యాచ్‌ల లెక్క

క్రికెట్ అంటే చెవి కోసుకునేవాళ్లు మన హాస్టల్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఎవరి సగటు ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పల్వంకర్ బాలూ పేరు కూడా అంబేద్కర్ జయంతి ఉపన్యాసాల్లో చాలామంది వినే ఉంటారు. కానీ ఆయన లెక్కలు తెలిసినవారు తక్కువ. అందుకే అంకెలతోనే మొదలుపెడుతున్నాను.

బాలూ ఎడమచేతి స్పిన్ బౌలర్. ఆడిన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు 33, వికెట్లు 179, సగటు 15.21. అంటే ఒక్కో వికెట్‌కు ఇచ్చినవి పదిహేను పరుగుల పైచిలుకు. ఈ అంకె ఎంత తగ్గితే బౌలర్‌కు అంత మంచిది. అదే కాలంలో ఇంగ్లండులో ఇద్దరు ఎడమచేతి స్పిన్నర్లు పేరు మోశారు. విల్‌ఫ్రెడ్ రోడ్స్ 4,000కు పైగా వికెట్లు తీశాడు, సగటు 16.7. కోలిన్ బ్లైత్ వికెట్లు 2,503, సగటు 16.81. సగటులో బాలూయే ముందున్నారు. పిచ్‌లు వేరు, ప్రత్యర్థులు వేరు కాబట్టి ఆయనే అందరికంటే గొప్ప అని నేను పందెం కాయను. కానీ మ్యాచ్‌ల సంఖ్య చూడండి. రోడ్స్‌కు 1,100కు పైగా, బ్లైత్‌కు 439, బాలూకు 33!

బాలూ 1876లో ధార్వాడలో చమార్ కుటుంబంలో పుట్టి పూనాలో పెరిగారు. పార్సీల క్లబ్బులో పిచ్ బాగుచేసే పని, నెల జీతం 3 రూపాయలు. తెల్లదొరల క్లబ్బుకు మారాక 4 రూపాయలయింది. అక్కడ నెట్స్‌లో గంటల తరబడి దొరలకు బంతులు వేశారు. బ్యాటు మాత్రం ఆయన చేతికివ్వలేదు. ఆ బౌలింగ్ చూసే పూనా హిందూ జట్టు ఆయనను తీసుకుంది. మైదానంలో ఆయన వేసిన బంతిని అందరూ పట్టుకునేవారు. విరామంలో టీ మాత్రం పెవిలియన్ బయట, మట్టి పాత్రలో. భోజనం విడిగా, వేరే పళ్లెంలో. రెండు గ్లాసుల పద్ధతి గురించి మన పెద్దల నోట విన్నవారికి ఇది కొత్త సంగతేమీ కాదు.

తర్వాత బొంబాయి చేరారు. 1906లో హిందూ జట్టు యూరోపియన్లను 109 పరుగుల తేడాతో ఓడించింది. అందులో బాలూ బౌలింగ్‌దే పెద్ద పాత్ర. 1911లో భారత జట్టు ఇంగ్లండు వెళ్లినప్పుడు ఆయన వయసు 35, పైగా భుజం నొప్పి. జట్టు 23 మ్యాచ్‌ల్లో 15 ఓడింది. బాలూ ఒక్కరే 114 వికెట్లు పడగొట్టారు. అందులో 75 ఫస్ట్‌క్లాస్ వికెట్లు. మొత్తం 179లో 75 ఆ ఒక్క వేసవిలోనే!

మ్యాచ్‌లు తక్కువ కావడానికి కులమొక్కటే కారణమంటే తప్పవుతుంది. ఆ రోజుల్లో మన దేశంలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లే కొద్ది. టెస్టు హోదా 1932లో గానీ రాలేదు. కులం కనిపించే గడి వేరే ఉంది. అది కెప్టెన్సీ. జట్టులో అందరికంటే మేటి బౌలర్‌కు ఏళ్ల తరబడి అది దక్కలేదు. 1920లో తమ్ముళ్లు శివరామ్, విఠల్ నిరసనగా జట్టు నుంచి తప్పుకున్నాకే వైస్ కెప్టెన్ పదవి వచ్చింది. 1923లో విఠల్ కెప్టెన్ అయ్యాడు. అన్నకు తెరవని తలుపు తమ్ముడికి తెరుచుకుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. యువకుడిగా అంబేద్కర్‌కు బాలూ అంటే ఎంతో గౌరవం. కానీ 1937 ఎన్నికల్లో బొంబాయిలో బాలూ కాంగ్రెస్ తరఫున అంబేద్కర్ మీదే పోటీ చేశారు. సుమారు రెండు వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. మనకు ఇది మింగుడుపడదు. అలాగని దాచిపెట్టి ఆయన జీవితం రాయడం నాకు ఇష్టం లేదు.

1955 జూలైలో బాలూ బొంబాయిలో కన్నుమూశారు. భారత జట్టు మద్రాసులో ఇంగ్లండుపై తొలి టెస్టు గెలిచి అప్పటికి మూడేళ్లు.